ఏడు వెబ్‌సైట్లు, ఒకే సమాచారం: ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారేదెలా?

గుంటూరు_వెబ్‌డెస్క్
మా సొసైటీ కింద ఏడు వెబ్‌సైట్లున్నాయి. ఇంజనీరింగ్, ఫార్మసీ, పాలిటెక్నిక్, డిగ్రీ, బీఈడీ కాలేజీలకి తలా ఒకటి, స్కూలుకి ఒకటి, సొసైటీకి ఒకటి. అన్నీ వర్డ్‌ప్రెస్సే (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్), కానీ ఒక్కోటీ ఒక్కో ఏడాది ఒక్కో ఏజెన్సీ చేసిచ్చింది. థీమ్ (సైట్ రూపం) వేరు, లాగిన్ వేరు, మూడింటికి హోస్టింగ్ కూడా వేరు.

వీటిలో సగం సమాచారం ఒకటే. సొసైటీ పరిచయం, చైర్మన్ సందేశం, బస్సు రూట్లు, హాస్టల్ ఫీజు, యాంటీ ర్యాగింగ్ పేజీ, గ్రీవెన్స్ సెల్, బ్యాంకు ఖాతా వివరాలు, అడ్మిషన్ల ఆఫీసు ఫోన్లు. ఏది మారినా ఏడు చోట్ల లాగిన్ అయ్యి మార్చాలి. నలుగురం చూసుకుంటున్నా ఎక్కడో ఒకచోట పాతదే ఉండిపోతోంది. మొన్న ఒక పెద్దాయన, ఫార్మసీ సైట్లో హాస్టల్ ఫీజు ఒకటుంటే సొసైటీ సైట్లో ఇంకోటుందని రెండూ ప్రింటు తీసి పట్టుకొచ్చారు. తక్కువున్నదే కడతానన్నారు. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

మల్టీసైట్‌కి (ఒకే వర్డ్‌ప్రెస్ మీద అన్ని సైట్లూ) మార్చెయ్యమని కొందరు, హెడ్‌లెస్‌కి (సమాచారం ఒకచోట, దాన్ని చూపించే సైట్లు విడిగా) వెళ్లమని కొందరు అంటున్నారు. కొత్త సైట్లు కట్టే బడ్జెట్ ఈ ఏడాది లేదు. ఇలాంటివి నిజంగా నడుపుతున్నవాళ్లు చెప్పండి.

పాత_పీహెచ్‌పీ
మల్టీసైటే. 2010లో వర్డ్‌ప్రెస్ 3.0 నుంచి అది అసలు వర్డ్‌ప్రెస్‌లోనే ఉంది, అంతకుముందు ఎంయూ అని వేరేగా ఉండేది. 4.5 నుంచి ఒక్కో సైట్‌కి సొంత డొమైన్ తగిలించడానికి ప్లగిన్ (అదనంగా చేర్చుకునే ప్రోగ్రామ్) కూడా అక్కర్లేదు. ఒకే లాగిన్, ఒకే అప్‌డేట్. సగం తలనొప్పి అక్కడే పోతుంది.

మిరపకాయ్_డెవ్
@పాత_పీహెచ్‌పీ అన్నా, లాగిన్ల తలనొప్పి పోతుంది, ఆయన అడిగింది మాత్రం పోదు. మల్టీసైట్‌లో యూజర్ల టేబుల్ అందరికీ ఒకటే. పోస్టుల టేబుల్ మాత్రం ఒక్కో సైట్‌కి విడిగా ఉంటుంది. మీడియా ఫోల్డర్ కూడా అంతే. సొసైటీ సైట్లో రాసిన పేజీ ఫార్మసీ సైట్‌కి దానంతటది రాదు. ఏడుసార్లు లాగిన్ అవ్వడం తప్పుతుంది గానీ ఏడుసార్లు మార్చడం తప్పదు.

పాత_పీహెచ్‌పీ
స్విచ్ టు బ్లాగ్ ఫంక్షన్ ఉందిగా. నాలుగు లైన్లు రాసుకుంటే పక్క సైట్ పేజీని తెచ్చి చూపించొచ్చు.

మిరపకాయ్_డెవ్
ఉంది. అది డేటాబేస్ టేబుళ్లనే మారుస్తుంది, అవతలి సైట్ ప్లగిన్లనీ థీమ్‌నీ లోడ్ చెయ్యదు. తెచ్చిన పేజీలో అక్కడి ప్లగిన్ తాలూకు షార్ట్‌కోడ్ (బ్రాకెట్లలో రాసే చిన్న ఆదేశం) ఉంటే ఇక్కడ బ్రాకెట్లతో సహా అలాగే కనబడుతుంది. పనయ్యాక మళ్లీ మన సైట్‌కి తెచ్చే రిస్టోర్ కరెంట్ బ్లాగ్ ఫంక్షన్ పిలవడం మర్చిపోతే ఆ కిందున్న మెనూ, ఫుటర్ అవతలి సైట్‌వి వచ్చేస్తాయి. జాగ్రత్తగా రాసుకుంటే పనిచేస్తుంది, కాదనను. కానీ వాళ్లవి మూడు సైట్లు వేరే హోస్టింగ్‌లో ఉన్నాయి. ముందు అన్నిటినీ ఒక ఇన్‌స్టలేషన్‌లోకి తేవాలి, అదే పెద్ద ప్రాజెక్టు.

కాకినాడ_కాజా
సింక్‌డ్ ప్యాటర్న్స్ వాడొచ్చుగా? ముందు రీయూజబుల్ బ్లాక్స్ అనేవాళ్లు. ఒకచోట మారిస్తే పెట్టిన పేజీలన్నిటిలో మారుతుంది.

మిరపకాయ్_డెవ్
ఒకే సైట్ లోపల మారుతుంది. ఆ బ్లాక్ కూడా ఆ సైట్ పోస్టుల టేబుల్లో ఉండే ఒక పోస్టే. మల్టీసైట్‌లో పెట్టినా ఆ సైట్ గడప దాటదు. సైట్ లోపల వాడుకోడానికి మాత్రం చాలా మంచిది. 2023లో 6.3తో పేరు మారింది, మరుసటేడు 6.6 నుంచి వాడినచోట కొన్ని మాటలు మార్చుకునే వీలు కూడా ఇచ్చారు.

ఓరుగల్లు_అడ్మిన్
మాది తెలంగాణ, నాలుగు కాలేజీల సైట్లు చూస్తా. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చినప్పుడు ఈ కష్టమేందో పూర్తిగా అర్థమైంది. మార్చిలో బండ్ల నంబర్లతో మొదలై మే నెలకల్లా ప్రభుత్వ సంస్థల పేర్లకు పాకింది. ఆర్టీసీ పేరు టీజీఎస్‌ఆర్టీసీ అయింది. అదే ఏడాది మా ఎంసెట్ కూడా ఈఏపీసెట్ అయింది, ఏపీలో 2021లోనే అయింది కదా. అడ్మిషన్ పేజీ, బస్ పాస్ పేజీ, ఎలిజిబిలిటీ పేరాలు, ఎక్కడ చూసినా టీఎస్.

మా ఆఫీసులో ఒక తమ్ముడు డేటాబేస్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టబోతుంటే ఆపినం. ఇంగ్లిష్‌లో స్టూడెంట్స్, రిజల్ట్స్, డిపార్ట్‌మెంట్స్ అన్నీ ఆ రెండక్షరాలతోనే ముగుస్తాయి. పెద్దక్షరాల్లో ఉన్న హెడ్డింగులన్నీ పాడయ్యేవి. ఇంకో సంగతి, 2019 నాటి ర్యాంకుల వార్తలో టీఎస్ ఎంసెట్ అనే ఉండాలి. అప్పటి పరీక్ష పేరు అదే. ఏది మారాలి, ఏది మారొద్దు అనేది మనిషి కూర్చుని చూడాల్సిందే.

పరీక్ష పేరు, బోర్డు పేరు ఒక్కచోట రాసిపెట్టి, ఇప్పటి అడ్మిషన్ పేజీలన్నీ దాన్నే పిలిచేలా ఉంటే ఇంత శ్రమ ఉండేది కాదు.

పాత_పీహెచ్‌పీ
@ఓరుగల్లు_అడ్మిన్ మంచి పని చేశారు. ఫైండ్ అండ్ రీప్లేస్ తప్పనిసరైతే నేరుగా డేటాబేస్‌లో ఎస్‌క్యూఎల్‌తో కొట్టకండి, డబ్ల్యూపీ సీఎల్‌ఐ (వర్డ్‌ప్రెస్‌కి కమాండ్ లైన్ టూల్) లో సెర్చ్ రీప్లేస్ కమాండ్ వాడండి. విడ్జెట్లు, థీమ్ సెట్టింగులు సీరియలైజ్ అయి ఉంటాయి, అందులో ప్రతి మాట పక్కన దాని పొడవు రాసి ఉంటుంది. మాట పొడవు మారితే ఆ సెట్టింగే ఎగిరిపోతుంది. సీఎల్‌ఐ ఆ పొడవు కూడా సరిచేస్తుంది. ముందు డ్రై రన్ (నిజంగా మార్చకుండా ఏం మారుతుందో చూపించేది) పెట్టి చూడండి.

చిలకలూరిపేట_చిన్నోడు
మాకు 2022 ఏప్రిల్ 4న ఇదే జరిగింది. 13 జిల్లాలు 26 అయ్యాయి. మేం గుంటూరు జిల్లా నుంచి పల్నాడుకి వచ్చాం. ఫుటర్‌లో ఒక అడ్రసు, కాంటాక్ట్ పేజీలో ఒకటి, బ్రోచర్ పీడీఎఫ్‌లో ఒకటి. ఇప్పటికీ కొన్ని కాలేజీల సైట్లలో పేటని గుంటూరు జిల్లాలోనే చూపిస్తున్నారు.

రేపల్లె_రైలు
మేం బాపట్ల జిల్లాకి. అదే కథ.

ఎడిటరమ్మ
అందరూ సాఫ్ట్‌వేర్ ఏది అనే మాట్లాడుతున్నారు. నేను పత్రికల్లో పనిచేసి తర్వాత వెబ్ కంటెంట్‌లోకి వచ్చాను, నా దృష్టిలో అసలు ప్రశ్న వేరే. గుంటూరు_వెబ్‌డెస్క్ గారు ఇచ్చిన జాబితాలో రెండు రకాల సరుకు కలిసిపోయి ఉంది.

ఒకటి వాస్తవాలు. హాస్టల్ ఫీజు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్, ఫోన్ నంబరు, అడ్రసు, బస్సు టైము. యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది, అది దేశమంతా ఒకటే. వీటికి ఒకే సరైన సమాధానం ఉంటుంది. రెండుచోట్ల రెండు రకాలుగా ఉంటే ఒకటి అబద్ధం. ఇవి ఒక్కచోటే ఉండాలి, మిగతా సైట్లు దాన్ని తెచ్చుకోవాలి.

రెండోది మాట. సొసైటీ పరిచయం, ప్రిన్సిపాల్ పలుకు, కాలేజీ ఎందుకు మంచిదో చెప్పే పేరాలు. ఇవి ఏడు సైట్లలో ఒకటే ఉండాల్సిన పనేమిటి? బీఈడీ చేరాలనుకునే ఆమెకి కావలసిన మాట వేరు, పదో తరగతి పిల్లాడిని పాలిటెక్నిక్‌లో చేర్చే తండ్రికి కావలసిన మాట వేరు. వీటిని తిరిగి వాడుకోవడం పొదుపులా కనిపిస్తుంది గానీ చదివేవాళ్లకి ఏమీ ఇవ్వదు. వాటిని వేరువేరుగానే రాయించండి. ఏడాదికోసారి చూసుకుంటే చాలు.

ఈ విభజన చేస్తే మీరు పంచుకోవాల్సింది సగం నుంచి చాలా తక్కువకి దిగుతుంది. అప్పుడు ఏ పరికరమైనా సరిపోతుంది.

కాకినాడ_కాజా
చైర్మన్ సందేశం మాత్రం ఒకటే ఉండాలి మేడం, లేకపోతే చైర్మన్ గారు ఊరుకోరు 😀 మా బంధువుల కాలేజీలో ఒక సైట్లో ఆయన నల్లజుట్టుతో ఉంటారు, ఇంకో సైట్లో తెల్లజుట్టుతో.

ఎడిటరమ్మ
ఫొటో వాస్తవాల్లోకే వస్తుంది, ఒక్కచోటే పెట్టండి 🙂

గుంటూరు_వెబ్‌డెస్క్
@ఎడిటరమ్మ గారు, ఇది బాగా ఉపయోగపడింది. కానీ ట్యూషన్ ఫీజు ఎందులోకి వస్తుంది? వాస్తవమే గానీ ఏ కాలేజీది ఆ కాలేజీకి వేరు. కన్వీనర్ కోటా ఫీజు ప్రభుత్వ ఉత్తర్వుతో వస్తుంది, మేనేజ్‌మెంట్ కోటా వేరు.

ఎడిటరమ్మ
అది పంచుకునే వాస్తవం కాదు, ఆ కాలేజీ సొంత వాస్తవం. ఆ కాలేజీ సైట్లో ఒకచోటే ఉంచండి. సొసైటీ సైట్లో ఫీజుల పట్టిక మళ్లీ తయారుచెయ్యకుండా అక్కడికి లింకు ఇవ్వండి. చాలాసార్లు లింకే అన్నిటికన్నా మంచి పునర్వినియోగం. కోడ్ అక్కర్లేదు, పాతబడదు.

బనశంకరి_బ్యాక్‌ఎండ్
ఇంత చర్చ దేనికి? హెడ్‌లెస్ పెట్టుకోండి. స్ట్రాపీ అనే హెడ్‌లెస్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్సే, సొంత సర్వర్‌లో నడుపుకోవచ్చు. కంటెంట్ అంతా అక్కడ, ఏడు సైట్లూ ఏపీఐ (ప్రోగ్రాములు సమాచారం అడిగి తెచ్చుకునే దారి) నుంచి తీసుకుంటాయి. అమెరికాలో ఎన్‌పీఆర్ రేడియో 2009లోనే దీని గురించి వివరంగా చెప్పింది, కోప్ అని పేరు పెట్టి: ఒకసారి తయారుచెయ్యి, అన్నిచోట్లా ప్రచురించు. వెబ్‌సైట్‌కీ మొబైల్ యాప్‌కీ వాళ్ల స్థానిక స్టేషన్లకీ ఒకే చోటు నుంచి కథనాలు వెళ్లేవి.

మిరపకాయ్_డెవ్
@బనశంకరి_బ్యాక్‌ఎండ్ బ్రో, ఎన్‌పీఆర్‌కి ఇంజనీర్ల టీమ్ ఉంది. ఇక్కడ ప్రిన్సిపాల్ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ నోటీసు ఎక్కిస్తారు. రాసిన పేజీ ఎలా కనబడుతుందో అక్కడికక్కడే చూసుకోవడం అలవాటు వాళ్లకి. హెడ్‌లెస్‌లో ఆ ప్రివ్యూ మనమే కట్టివ్వాలి. ఏడు సైట్ల ముందు భాగం కూడా మళ్లీ కట్టాలి. బడ్జెట్ లేదని మొదటి పోస్టులోనే చెప్పారు.

బనశంకరి_బ్యాక్‌ఎండ్
ప్రివ్యూ విషయం ఒప్పుకుంటా. కానీ మొబైల్ యాప్ కూడా రాబోతుంటే ఇప్పుడే ఆలోచించాలి. ఎన్‌పీఆర్ నుంచి నేర్చుకోవాల్సింది టూల్ గురించి కాదు. పేజీలుగా దాచకుండా ఫీల్డులుగా దాచారు. ఫీజు అనేది పేరాలో కలిసిపోయిన వాక్యంలా కాకుండా విడి అంకెగా ఉండాలి. అలా దాచితే రేపు ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు.

మిరపకాయ్_డెవ్
ఆ ముక్క మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం.

స్టుట్‌గార్ట్_సాయంత్రం
ఇక్కడ జర్మనీలో యూనివర్సిటీలు, మునిసిపాలిటీలు టైపో3 అనే వెబ్‌సైట్ సాఫ్ట్‌వేర్ ఎక్కువగా వాడతాయి, నా పని కూడా అందులోనే. ఒకే ఇన్‌స్టలేషన్‌లో ఒకే పేజీల చెట్టు కింద అన్ని సైట్లూ ఉంటాయి. ఒక సైట్లో రాసిన ముక్కని ఇంకో సైట్లో చూపించడానికి ఇన్సర్ట్ రికార్డ్స్ అనే ఎలిమెంట్ ఉంది. కాపీ చెయ్యదు, అసలుదాన్నే చూపిస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చూడొచ్చు. గుంటూరులో టైపో3 తెలిసిన మనిషి దొరకడం మాత్రం కష్టం, అందుకే మీకు సిఫారసు చెయ్యను.

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్
డ్రూపల్ (వర్డ్‌ప్రెస్ లాంటిదే ఇంకోటి) వాళ్లెవరూ లేరా? డొమైన్ మాడ్యూల్‌తో ఒకే డేటాబేస్ మీద చాలా సైట్లు నడపొచ్చు, ఏ కంటెంట్ ఏ డొమైన్లలో కనబడాలో టిక్ పెడితే చాలు. డ్రూపల్ సొంత మల్టీసైట్ వేరే, అందులో కోడ్ ఒకటే, డేటాబేస్ సైట్‌కొకటి. రెండూ ఒకటే అనుకుని చాలామంది పప్పులో కాలేస్తారు. విడివిడి సైట్లైతే ఎంటిటీ షేర్ మాడ్యూల్ ఉంది, కంటెంట్‌ని జేసన్ ఏపీఐ మీద లాక్కుంటుంది. ఇంకా డ్రూపల్ 7లో ఉన్నవాళ్లు ముందు బయటపడండి, 2025 జనవరి 5తో దానికి సపోర్ట్ అయిపోయింది.

తెవికీ_వాడుకరి
తెలుగు వికీపీడియాలో రాస్తుంటాను. ఎడిటరమ్మ గారి విభజన వికీమీడియా ప్రాజెక్టుల్లో చాలా ఏళ్లుగా నడుస్తోంది. ఏ భాషకి ఆ భాషలో బొమ్మలు ఎక్కించుకోనక్కర్లేకుండా 2004లో కామన్స్ మొదలైంది. చార్మినార్ ఫొటో అక్కడ ఒక్కసారి ఎక్కితే తెలుగులోనూ ఉర్దూలోనూ తమిళంలోనూ వాడుకోవచ్చు. 2012లో వికీడేటా వచ్చింది. పుట్టిన తేదీ, జనాభా, అధికారిక వెబ్‌సైట్ లాంటి వివరాలు అక్కడుంటాయి, సమాచారపెట్టె మూసలు (వ్యాసం పక్కన కనబడే వివరాల పెట్టె నమూనాలు) అక్కడి నుంచి తెచ్చుకోగలవు. వ్యాసం మాత్రం ఏ భాషవాళ్లు ఆ భాషలో సొంతంగా రాస్తారు.

కామన్స్ నుంచి మీరు తప్పకుండా తీసుకోవాల్సింది ఒకటుంది. ప్రతి ఫైలు పేజీ అడుగున, అది ఏ వికీలో ఏ పేజీల్లో వాడుతున్నారో జాబితా ఉంటుంది. ఏదైనా మార్చే ముందు, తీసేసే ముందు అది చూస్తారు. ఎందుకంటే కామన్స్‌లో బొమ్మ తొలగిస్తే అన్ని భాషల పేజీల్లోనూ పోతుంది. మీరు ఏ పద్ధతి పెట్టుకున్నా ‘ఇది ఎక్కడెక్కడ వాడాం’ అనే జాబితా లేకపోతే ఏడాది తిరిగేలోగా ఎవరూ దేన్నీ ముట్టుకోడానికి ధైర్యం చెయ్యరు.

ఎక్కువ పేజీల్లో వాడే మూసలకి సంరక్షణ కూడా పెడతారు. ఎవరుపడితే వాళ్లు మార్చలేరు.

విరాళాల_వాలంటీర్
పైన చెప్పిన సంరక్షణ మాట చాలా ముఖ్యం. మా ట్రస్టుకి వేరువేరు సేవా కార్యక్రమాలకి వేరువేరు సైట్లున్నాయి, అన్నిటిలో విరాళాల పేజీ ఉంటుంది. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. ఏఎన్‌డీబీతో మొదలయ్యే పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లు మరుసటేడు ఏప్రిల్ నుంచి చెల్లలేదు. పాత కోడ్ ఉన్న పేజీ చూసి డబ్బు పంపబోయిన దాతలు ట్రాన్స్‌ఫర్ అవ్వట్లేదని ఫోన్లు చేశారు. పైగా విదేశాల నుంచి వచ్చే విరాళం 2020 ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) సవరణ తర్వాత ఎస్‌బీఐ న్యూఢిల్లీ ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. అంటే మన దేశంలోని దాతకి ఒక వివరం, అమెరికాలో ఉన్న దాతకి ఇంకో వివరం. అందుకే రెండు ముక్కలు విడిగా ఉంచాం, ఏ పేజీలో ఏది రావాలో స్పష్టంగా రాసుకున్నాం.

ఇప్పుడు అన్ని సైట్లూ ఒకేచోటు నుంచి తెచ్చుకుంటున్నాయి. హాయిగానే ఉంది, భయమూ ఉంది. ఆ ఒక్కచోట ఎవడైనా చొరబడి ఖాతా నంబరు మారిస్తే అన్ని సైట్లలోనూ వాడి నంబరే కనబడుతుంది. అందుకని బ్యాంకు వివరాలున్న ముక్కని ఒకరు మారిస్తే రెండోవారు ఆమోదించాకే బయటికి వెళ్తుంది. ఆ లాగిన్లకి ఓటీపీ తప్పనిసరి.

ఓరుగల్లు_అడ్మిన్
@విరాళాల_వాలంటీర్ మంచిగ చెప్పిన్రు. ఒక్కచోట తప్పు రాస్తే ఏడు చోట్లా తప్పే. ఆ ఒక్కచోటు ఎవరి చేతిలో ఉండాలనేది ముందే తేల్చుకోవాలి.

కాకినాడ_కాజా
ఐఫ్రేమ్ (ఒక పేజీ లోపల ఇంకో పేజీని చూపించే కిటికీ) పెడితే సరిపోదా? సొసైటీ సైట్లో పేజీ చేసి మిగతా వాటిలో ఐఫ్రేమ్.

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్
ఫోన్‌లో ఎత్తు కుదరక లోపల ఇంకో స్క్రోల్ వస్తుంది. అందులోని మాటలు ఆ సైట్ సొంత సెర్చ్‌లో దొరకవు. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకి ఇబ్బంది. బస్సు రూట్ మ్యాప్‌కైతే సరే, ఫీజు పట్టికకి వద్దు.

ఎస్ఈఓ_సీమ
ఒకే పేజీ ఏడు డొమైన్లలో ఉంటే గూగుల్ శిక్షిస్తుందని ఎవరో ఒకరు అంటారు, ముందే చెప్తున్నా. శిక్ష అంటూ ఏమీ లేదు. ఒకేలా ఉన్న పేజీలని ఒక గుంపుగా చూసి అందులో ఒకదాన్ని చూపిస్తుంది, అంతే. ఆ ఒకటి ఏదో మనం చెప్పాలంటే కెనానికల్ ట్యాగ్, వేరే డొమైన్‌ని సూచించినా గూగుల్ 2009 నుంచి తీసుకుంటుంది. పేజీ మొత్తం ఒకటే అయినప్పుడు మాత్రమే పెట్టండి. పేజీలో ఒక చిన్న ముక్క ఉమ్మడిదైతే కెనానికల్ పెట్టొద్దు, పెడితే ఆ కాలేజీ పేజీయే సెర్చ్‌లో కనబడకుండా పోతుంది.

అనంతపురం_అక్షరం
ఎవరూ చెప్పని సమస్య ఒకటి చెప్తాను. పంచుకోవడం తర్వాత, ముందు ఆ సమాచారం అక్షరాల రూపంలో ఉందా? మన కాలేజీల్లో ఫీజు నోటీసు అంటే డీటీపీ సెంటర్లో చేయించిన జేపీజీ. హాస్టల్ నిబంధనలు అంటే స్కాన్ చేసిన పీడీఎఫ్. తెలుగు నోటీసులు యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసినవి, కాపీ చేసి పేజీలో పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం వస్తుంది. ముందు యూనికోడ్‌లోకి మార్చి అక్షరం అక్షరం సరిచూడాలి, ముఖ్యంగా వత్తులు. బొమ్మలో ఇరుక్కున్న ఫీజుని ఏ సీఎంఎస్సూ (సైట్ నడిపే సాఫ్ట్‌వేర్) పంచిపెట్టలేదు.

తెలుగూ ఇంగ్లిషూ రెండూ ఉన్న సైట్లైతే ఇంకో చిక్కు. ఇంగ్లిష్ ముక్క మారుస్తారు, తెలుగుది అలాగే వదిలేస్తారు. అంకెల్ని రెండు భాషలకీ ఒకే ఫీల్డులో పెట్టండి, చుట్టూ ఉన్న వాక్యాన్ని మాత్రం భాషకొకటి ఉంచండి.

రేపల్లె_రైలు
@అనంతపురం_అక్షరం దండం పెట్టాలి మీకు. జేపీజీ నోటీసులు ఫోన్‌లో చదవలేక మా అమ్మాయి అడ్మిషన్ అప్పుడు చాలా అవస్థ పడ్డాం.

మిరపకాయ్_డెవ్
@గుంటూరు_వెబ్‌డెస్క్ అన్నీ చూశాక మీ పరిస్థితికి నేనైతే ఇలా చేస్తా. మల్టీసైట్ వద్దు, హెడ్‌లెస్ వద్దు. ఉన్న సొసైటీ సైట్‌నే కేంద్రం చెయ్యండి. అందులో ఉమ్మడి ముక్కలకి ఒక కస్టమ్ పోస్ట్ టైప్ (పేజీలకి భిన్నంగా విడి రకం ఎంట్రీ) పెట్టి రెస్ట్ ఏపీఐలో కనబడేలా షో ఇన్ రెస్ట్ ఆన్ చెయ్యండి. ఆ ఏపీఐ 4.7 నుంచి వర్డ్‌ప్రెస్‌లో ఉన్నదే, కొత్తగా ఏదీ కొననక్కర్లేదు. మిగతా ఆరు సైట్లలో ఒక చిన్న ప్లగిన్. పేజీలో షార్ట్‌కోడ్‌లో ముక్క పేరు రాస్తే ఆ ప్లగిన్ తెచ్చి చూపిస్తుంది. హోస్టింగ్ వేరైనా, థీమ్ వేరైనా నడుస్తుంది.

ఇందులో జనం దెబ్బతినేది క్యాష్ (వేగం కోసం దాచుకునే కాపీ) దగ్గర. తెచ్చిన ముక్కని ట్రాన్సియెంట్‌లో (గడువున్న తాత్కాలిక నిల్వలో) పెడతారు, గడువు తీరాక మళ్లీ తెచ్చుకోబోతే ఆ సమయానికి కేంద్రం సర్వర్ పడిపోయి ఉంటుంది, ఫీజు పేజీ ఖాళీ. కాబట్టి చివరిసారి సరిగ్గా వచ్చిన కాపీని గడువు లేకుండా వర్డ్‌ప్రెస్ ఆప్షన్స్ టేబుల్లో దాచండి. కొత్తది సరిగ్గా వస్తేనే దాన్ని మార్చాలి. ఇంకా, పేజీ తెరిచే సమయంలో తేవొద్దు. వేరే సైట్ నుంచి తెచ్చే వర్డ్‌ప్రెస్ రిమోట్ గెట్ ఫంక్షన్‌కి డిఫాల్ట్ టైమవుట్ 5 సెకన్లు, కేంద్రం నెమ్మదిస్తే చూసేవాళ్లు అంతసేపు తెల్ల తెర చూస్తుంటారు. వెనకాల క్రాన్‌తో (సమయానికి దానంతటదే నడిచే పనితో) తెచ్చుకోండి. వర్డ్‌ప్రెస్ సొంత క్రాన్ ఎవరైనా సైట్‌కి వస్తేనే కదులుతుంది, బీఈడీ సైట్‌కి రోజుకి ఎంతమంది వస్తారో మీకే తెలుసు. సర్వర్ క్రాన్ పెట్టించండి.

ముక్కల్లో రంగులు, ఫాంటు సైజులు రాయొద్దు. ఉత్త పేరా, పట్టిక, లిస్టు. మిగతాది ఆ సైట్ థీమ్ చూసుకుంటుంది. లింకులు పూర్తి అడ్రసుతో రాయండి. స్లాష్ కాంటాక్ట్ అని సగం లింకు రాస్తే ఏ సైట్లో ఉంటే ఆ సైట్ కాంటాక్ట్ పేజీకి పోతుంది. కొన్నిసార్లు మనకి కావలసింది అదే అనుకోండి, తెలిసి రాయాలి. తెచ్చినదాన్ని, ప్రమాదకరమైన కోడ్‌ని తీసేసే డబ్ల్యూపీ కేసెస్ పోస్ట్ ఫంక్షన్‌తో వడగట్టకుండా చూపించొద్దు.

తెవికీ_వాడుకరి
ఏ సైట్ ఏ ముక్క అడుగుతోందో ఆ ప్లగిన్ కేంద్రానికి చెప్పేలా చెయ్యండి. పేజీ అడ్రసు కూడా పంపాలి. అప్పుడు నేను చెప్పిన వాడుక జాబితా దానంతటదే తయారవుతుంది.

మిరపకాయ్_డెవ్
బాగుంది, అది చేర్చాలి.

పాత_పీహెచ్‌పీ
నేను మల్టీసైట్ మాట వెనక్కి తీసుకోను, కొత్తగా మొదలుపెడితే అదే చెప్తా. కానీ ఏడూ ఒకేచోట ఉంటే ఒక చెడ్డ ప్లగిన్ అప్‌డేట్ ఏడింటినీ పడగొడుతుంది, అదీ నిజమే. ఈ ఏడాదికి మిరపకాయ్ చెప్పింది సరైనది.

గుంటూరు_వెబ్‌డెస్క్
అందరికీ చాలా థాంక్స్. మా టీమ్‌తో కూర్చుని ఇలా అనుకున్నాం. సొసైటీ సైట్ కేంద్రం. మొదటి విడతలో హాస్టల్ ఫీజు, ఫోన్లు, అడ్రసులు, బ్యాంకు వివరాలు, యాంటీ ర్యాగింగ్ నంబరు. బస్సు రూట్లు జూన్‌లో ఎలాగూ మారతాయి, అప్పుడు చేరుస్తాం. సొసైటీ పరిచయం ఏ కాలేజీకి ఆ కాలేజీ రాసుకుంటుంది. బ్యాంకు ముక్కకి ఆమోదం అకౌంట్స్ ఆఫీసర్‌ది, మార్చేది మేము. జేపీజీ ఫీజు నోటీసులు ఇకపై అక్షరాల్లోనే పెడతామని ప్రిన్సిపాళ్లకి చెప్పాం, ఇద్దరు అప్పుడే ఒప్పుకున్నారు.

అమ్మాయిల హాస్టల్ నిబంధనలు కొన్ని వేరు. ఒకే ముక్కలో షరతులు పెట్టాలా, రెండు ముక్కలు చెయ్యాలా? అలాగే పేజీ క్యాష్ ప్లగిన్లు ఉన్నాయి, కేంద్రంలో మార్చినా సైట్లో పాతదే కనబడితే?

ఎడిటరమ్మ
రెండు హాస్టళ్లకీ కలిసేవి ఒక ముక్క, అమ్మాయిల హాస్టల్‌వి విడిగా ఇంకో ముక్క. షరతులు పెట్టారంటే ఆరు నెలల తర్వాత రాసినవాళ్లకే అర్థం కాదు. ప్రతి ముక్కకీ బాధ్యుల హోదా, చివరిసారి సరిచూసిన తేదీ పెట్టుకోండి. ఆ తేదీ చదివేవాళ్లకి కూడా కనబడనివ్వండి. ఫీజు పేజీలో అది చూస్తే తల్లిదండ్రులకి సగం టెన్షన్ తగ్గుతుంది.

మిరపకాయ్_డెవ్
పేజీ క్యాష్‌కి: క్రాన్ కొత్త కాపీ తెచ్చినప్పుడు పాతదానితో పోల్చాలి, మారితేనే ఆ ముక్క ఉన్న పేజీల క్యాష్ తీసెయ్యాలి. ప్రతిసారీ సైట్ మొత్తం క్యాష్ తీసేస్తే కౌన్సెలింగ్ రోజుల్లో సర్వర్ కూర్చుంటుంది. ఏ పేజీల్లో ఉందో వాడుక జాబితా చెప్తుంది. సీడీఎన్ (పేజీల కాపీలు వేరే సర్వర్లలో ఉంచే సర్వీసు) ఉంటే అక్కడా అవే పేజీలు తీసెయ్యాలి.

లైవ్‌కి వెళ్లే ముందు ఒక రాత్రి సొసైటీ సైట్‌ని కావాలని ఆపి చూడండి. మిగతా ఆరింటిలో హాస్టల్ ఫీజు పేజీ ఎప్పటిలాగే, అంతే వేగంగా తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే ప్లగిన్ కోడ్ ఇక్కడ పెట్టండి, చూద్దాం.